లీగులు లోతు కాదు

జూల్స్ వెర్న్ నవల 'ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ' పేరు వినగానే చాలామందికి తట్టేది లోతు. సముద్రంలోకి 20 వేల లీగులు దిగిన జలాంతర్గామి కథ అనుకుంటారు. లెక్క వేసి చూడండి. వెర్న్ వాడిన ఫ్రెంచి లీగు 4 కిలోమీటర్లు. 20 వేల లీగులంటే 80 వేల కిలోమీటర్లు. భూమి వ్యాసమే 12,742 కిలోమీటర్లు. అంత లోతుకు దిగాలంటే నౌక భూమిని చీల్చుకుని అవతలికి వచ్చి, అంతరిక్షంలో ఇంకో ఐదు భూముల దూరం పోవాలి! నిజానికి అది నాటిలస్ నీటి అడుగున తిరిగిన దూరం. భూమధ్యరేఖ వెంట రెండు చుట్లు తిరిగినంత. కథలో అది దిగిన గరిష్ఠ లోతు 16 కిలోమీటర్లు, అంటే 4 లీగులే. (అదీ ఎక్కువే. మనకు తెలిసిన అత్యంత లోతైన చోటు ఛాలెంజర్ డీప్ సుమారు 11 కిలోమీటర్లు.)

తప్పు వెర్న్‌ది అనలేం. ఫ్రెంచి మూలంలో 'సముద్రాల కింద' అని బహువచనం ఉంది. సముద్రాలు అంటే ఒకదాని నుంచి ఇంకోదానికి ప్రయాణం స్ఫురిస్తుంది. తర్వాత వచ్చిన చాలా ఇంగ్లిషు ప్రచురణల్లో బహువచనం పోయింది. ఒకే సముద్రం కింద అన్ని లీగులు అంటే, చదివేవారి చూపు కిందికే పోతుంది. మనకు ఇలాంటి పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిషు మీదుగానే వస్తాయి కాబట్టి, ఆ పొరపాటూ వాటితోపాటే వస్తుంది.

దూరమైతేనేం, లోతైతేనేం అనుకోవచ్చు. సముద్రంలో ఆ తేడాయే అసలు విషయం. ఎంత దూరం పోయినా పీడనం మారదు. కిందికి దిగితే మాత్రం ప్రతి 10 మీటర్లకు దాదాపు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ముగ్గురిని తీసుకెళ్లేలా మన శాస్త్రవేత్తలు రూపొందిస్తున్న మత్స్య-6000 పేరులోని సంఖ్య నిజంగానే లోతు, మీటర్లలో. లీగుల్లో చెబితే ఒకటిన్నర. ఆ ఒకటిన్నర లీగు దగ్గర సుమారు 600 రెట్ల వాతావరణ పీడనాన్ని తట్టుకోవాలి. 20 వేల లీగులు మనసులో నాటుకున్న పాఠకుడికి ఈ 6 కిలోమీటర్లు ఏమంత గొప్పగా కనిపిస్తాయి?

ఇటీవలి ఉదాహరణ 'ది త్రీ బాడీ ప్రాబ్లమ్'. లియు సిషిన్ రాసిన ఈ చైనా నవల పేరు మూలంలో 'మూడు వస్తువులు' అని మాత్రమే. 'ప్రాబ్లమ్' ఇంగ్లిషులో చేరింది. తెలుగులో దాన్ని సమస్య అనగానే కరెంటు పోవడం, నీళ్లు రాకపోవడం గుర్తొస్తాయి. గణితంలో సమస్య అంటే ఇచ్చిన షరతుల మీద తేల్చమని అడిగే ప్రశ్న. అవధానంలో పృచ్ఛకుడిచ్చే సమస్య దీనికి దగ్గర. పూరించడానికే కదా ఇచ్చేది!

ఒకదాన్నొకటి ఆకర్షించుకునే మూడు వస్తువుల కదలికను ఎప్పటికీ చెప్పగల సాధారణ సూత్రం లేదన్నది నిజం. ఆరంభంలోని చిన్న తేడా తర్వాత పెద్దదవుతుంది కూడా. 2024లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్ వచ్చాక 'పరిష్కారమే లేని సమస్య' అన్న మాట నాకు తరచూ వినిపిస్తోంది. అది తప్పు. కంప్యూటర్‌తో అడుగడుగునా లెక్క కట్టవచ్చు. ప్రత్యేక సందర్భాలకు ఆయిలర్, లగ్రాంజ్‌లు 18వ శతాబ్దంలోనే పరిష్కారాలు చూపారు. 2024 జనవరి 6న ఆదిత్య-ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన కక్ష్యలో చేరింది సరిగ్గా అలాంటి పరిష్కారం చుట్టూనే. సూర్యుడు, భూమి, నౌక: మూడు వస్తువులు.

కథ పేరు కొలబద్ద కానక్కర్లేదు. వెర్న్‌దే మరో నవల పేరులో భూకేంద్రం ఉంది, పాత్రలు అక్కడికి చేరనే చేరవు. అది రచయిత స్వేచ్ఛ. నా పేచీ అనువాదకులతో, సైన్సు వార్తలకు ఆ పేర్లను శీర్షికలుగా అరువు తెచ్చుకునే మా వృత్తివారితో. వెర్న్ నవలకు తెలుగులో 'సముద్రాల కింద ఇరవై వేల లీగుల ప్రయాణం' అంటే చాలు. లియు నవలకు 'మూడు వస్తువులు' మరీ పొడిగా ఉంటుందనుకుంటే 'మూడు సూర్యులు' అనొచ్చు. కథలో ఉన్నవి అవే.