బతికి మిగిలినవాళ్ల గాయం ఎవరి లెక్కలో ఉంది?

1981 ఏప్రిల్ 20. ఇంద్రవెల్లిలో సోమవారం సంత. భూమి హక్కుల సభకు వచ్చిన గోండు జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అన్నది సర్కారు. అంతకు ఎన్నో రెట్లు అన్నాయి హక్కుల సంఘాలు. చచ్చిపోయినవాళ్ల లెక్కే తేలలేదు. ఇక బతికి బయటపడి, ఆ చప్పుడును చెవుల్లో మోస్తూ ముసలివాళ్లయినవాళ్ల లెక్క ఎవరు తీశారు?

అంతకు ఏడాది ముందే, 1980లో, అమెరికా మానసిక వైద్యులు తమ జబ్బుల పుస్తకంలో పీటీఎస్‌డీ అనే పేరు చేర్చారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల పోరాటం అందుకు పెద్ద కారణం. తుపాకీ పట్టినవాళ్ల గాయానికి పేరు దొరికింది. తుపాకీ ముందు నిలబడ్డ మాకు మాత్రం వేరే పేర్లు పెట్టారు: పిరికోళ్లు, తాగుబోతులు, మొద్దులు.

ఇది పిరికితనం కాదు. ప్రాణం పోతుందనుకున్న క్షణం ఒంట్లో ఆగిపోవడం. జరిగింది కలల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. మెలకువలోనూ కళ్ల ముందు నిలుస్తుంది. ఆ దారి, ఆ మాట, ఆ యూనిఫాం ఎదురైతే మనిషి తప్పుకుపోతాడు. నిద్ర పట్టదు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతాడు, అయినవాళ్ల మీదే కోపం వస్తుంది. తప్పంతా తనదే అనిపిస్తుంది. ఇవి నెల దాటినా తగ్గక, బతుకును కుంటుపరిస్తే అది జబ్బు. దానికి వైద్యం ఉంది.

ఆశ్రమ పాఠశాలల్లో చెప్పే సార్లను, టీచర్లను ఒకటి అడుగుతున్నాం. వెనక బెంచీలో పలకకుండా కూర్చునే పిల్లాడిని మొద్దు అనే ముందు, వాడి గూడెంలో ఏం జరిగిందో అడిగారా? పక్క తడిపే పిల్లను నలుగురిలో సిగ్గుపరిచే ముందు ఒక్క క్షణం ఆగారా? బెత్తం ఆ గాయాన్ని మళ్లీ రేపుతుంది. జరిగింది చెప్పమని బలవంతపెట్టినా అంతే. ముందు భయం లేని చోటు ఇవ్వండి. చెప్పినప్పుడు నమ్మండి. ఆ తర్వాత ఆసుపత్రికి తోడు వెళ్లండి.

అక్కడ ఏం ఇస్తారో కూడా చూడాలి. నిద్రమాత్రల పొట్లం చేతిలో పెట్టి పంపడం ఈ జబ్బుకు వైద్యం కాదు. శిక్షణ ఉన్నవాళ్లతో వారాల తరబడి సాగే మాటల చికిత్స ముఖ్యం. ఆ జ్ఞాపకాన్ని భయం లేకుండా తలుచుకోవడం అందులో నేర్పిస్తారు. అవసరమైతే సెర్ట్రలిన్ లాంటి మందులు డాక్టర్ రాస్తారు. కానీ మాటల చికిత్స ఏ మాటలో? గోండీలోనే ఏడ్చే అవ్వకు తెలుగులో ఓదార్పు ఏం అందుతుంది?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, వైద్యం అందుబాటు దూరంలో ఉండాలంది, రోగికి అర్థమయ్యే భాషలో వివరాలు చెప్పాలంది. ఇది దయ కాదు, హక్కు. 14416 టెలీ మానస్ నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు తీసుకోరు. మంచిదే. సిగ్నల్ లేని గూడెం సంగతేంటి? మా భాషలు వచ్చిన మా పిల్లలకే శిక్షణ ఇచ్చి, గూడేల దగ్గరే కౌన్సెలర్లుగా పెట్టాలని అడుగుతున్నాం.

"మనకు కావాల్సింది న్యాయం, మాత్రలు కాదు" అనే మనవాళ్లూ ఉన్నారు. రెండూ కావాలి. నిద్ర లేని మనిషి కోర్టులో ఎన్నేళ్లు నిలబడగలడు? అలాగని న్యాయం లేకుండా మందొక్కటే సరిపోదు. ఇంద్రవెల్లి స్తూపం దగ్గర నివాళి అర్పించకుండా ఏళ్ల తరబడి ఏప్రిల్ 20న ఆంక్షలు పెట్టారు. చచ్చినవాళ్ల కోసం కలిసి ఏడవనివ్వని చోట ఏ గాయం మానుతుంది?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ రాత్రి మీ ఇంట్లో ఎవరు నిద్రలో కేకేస్తున్నారో వినండి. "గాలి సోకింది" అని వదిలేయకండి. పక్కన కూర్చోండి. మన భాషలో అడగండి.