పోస్టు తీసేస్తే గొడవ పోతుందా?

హైదరాబాద్ ఐటీ కంపెనీల హెచ్‌ఆర్ వర్గాల్లో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. కంపెనీ లోపలి నెట్‌వర్క్ పని మాటలకే ఉండాలి. చర్చ వేడెక్కితే కామెంట్లు ఆపెయ్యాలి. ఇబ్బంది పెట్టే పోస్టును పైవాళ్ల కంట పడకముందే తీసెయ్యాలి. వైవా ఎంగేజ్ అయినా, స్లాక్ అయినా ఇదే సూత్రం. గోడ ఎంత నిశ్శబ్దంగా ఉంటే మోడరేటర్ అంత సమర్థుడని లెక్క. ఈ లెక్క తప్పు. ఈ దారిలో నడిచి దెబ్బతిన్న కంపెనీల అనుభవమే ఆ మాట చెబుతోంది.

బేస్‌క్యాంప్ సంగతే తీసుకోండి. ఉద్యోగులు కలిసి పనిచేసుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్ అమ్మే అమెరికన్ కంపెనీకి అప్పట్లో ఉన్న పేరు అది. వింతగా తోచిన కస్టమర్ల పేర్లతో అక్కడి ఉద్యోగులు కొందరు ఏళ్ల తరబడి ఒక జాబితా నడిపారు. అందులో ఆసియా, ఆఫ్రికా పేర్లూ ఉన్నాయి. బారెడు ఇంటిపేరుతో అమెరికాలో ఉద్యోగం చేస్తున్న తెలుగువాళ్లకు అది ఎలాంటి నవ్వులాటో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ జాబితాపై లోపల చర్చ మొదలై ముదిరింది. 2021 ఏప్రిల్ 26న సహ వ్యవస్థాపకుడు జేసన్ ఫ్రైడ్, కంపెనీ లోపలి బేస్‌క్యాంప్ ఖాతాలో సామాజిక, రాజకీయ చర్చలు ఇక వద్దని ప్రకటించారు. ఇష్టం లేనివాళ్లు ఆరు నెలల దాకా జీతం తీసుకుని వెళ్లొచ్చని కంపెనీ చెప్పింది. వారం తిరిగేసరికి సుమారు మూడోవంతు ఉద్యోగులు వెళ్లిపోతున్నట్టు చెప్పేశారు. అరవై మంది కూడా లేని కంపెనీలో అది చిన్న దెబ్బ కాదు.

మనల్ని నమ్మి డబ్బు కట్టే కస్టమర్ల పేర్లు చూసి నవ్వుకోవచ్చా అని ఉద్యోగులు అడిగారు. ఇంతకంటే పని మాట ఏముంటుంది? ఏది పని, ఏది రాజకీయం అన్న గీత గీసే అధికారం ఎప్పుడూ ప్రశ్న ఎదుర్కొనేవాళ్ల చేతిలోనే ఉంటోంది. ‘పని మాటలే’ అన్న నియమంలోని అసలు లోపం అదే.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ఐబీఎం. 2003 జులై చివర్లో ఆ కంపెనీ తన విలువలేమిటో తేల్చుకోవడానికి లోపలి నెట్‌వర్క్‌లో ‘వాల్యూస్ జామ్’ పేరుతో 72 గంటల చర్చ పెట్టింది. దాదాపు యాభై వేల మంది చూశారు, పదివేలకు చేరువగా వ్యాఖ్యలు పడ్డాయి. మొదటి గంటల్లో వచ్చినవన్నీ దాదాపు తిట్లే. ఈ కంపెనీకి షేరు ధర తప్ప ఇంకో విలువ లేదన్న ధోరణిలో కోపమంతా బయటపడింది. కొందరు పై అధికారులు కంగారుపడి చర్చ ఆపేద్దామన్నారు. సీఈవో శామ్ పామిసానో ఒప్పుకోలేదు. చర్చ సాగేకొద్దీ ఉద్యోగులే ఒకరికొకరు జవాబులు చెప్పుకోవడం మొదలుపెట్టారు, విమర్శల్లోంచి సూచనలు పుట్టాయి. తర్వాత పామిసానో ఆ వ్యాఖ్యలన్నీ అచ్చు తీయించి ఇంటికి పట్టుకెళ్లి చదివారు. కింది స్థాయి మేనేజర్లు కస్టమర్ సమస్య తీర్చడానికి పైవాళ్ల అనుమతి లేకుండా ఏడాదికి 5,000 డాలర్ల దాకా ఖర్చు చేయొచ్చన్న ఏర్పాటు ఆ తర్వాతే వచ్చింది. మొదటి రోజే థ్రెడ్ మూసేసి ఉంటే ఆ సూచనలు పుట్టేవే కావు.

అయితే అడ్డూ అదుపూ లేకుండా వదిలెయ్యాలా అని నియంత్రణ కోరేవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 2017లో గూగుల్‌లో కంపెనీ వైవిధ్య విధానాలను విమర్శిస్తూ జేమ్స్ డామోర్ అనే ఇంజినీర్ రాసిన మెమోపై చర్చ జరిగినప్పుడు లోపల మాట్లాడిన ఉద్యోగుల పేర్లు బయటి సైట్లకెక్కాయి. భయపడ్డవాళ్లు ఎందరో. ఆగస్టు 10న జరగాల్సిన ఉద్యోగుల సమావేశాన్ని సీఈవో సుందర్ పిచాయ్ చివరి క్షణంలో రద్దు చేయాల్సి వచ్చింది. మన దగ్గర, పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం, ఫిర్యాదు చేసిన మహిళ వివరాలు బయటపెట్టకూడదని 16వ సెక్షన్‌లో స్పష్టంగా చెబుతోంది. అలాంటి పేరు పోస్టులో కనబడితే మోడరేటర్ ఆ నిమిషమే తీసెయ్యాలి. కులం పేరుతో దూషణ, బెదిరింపు, ఒకరి ఫోన్ నంబరు బయటపెట్టడం కూడా అంతే. వీటిలో రెండో మాటకు తావులేదు.

కానీ ఈ న్యాయమైన అధికారం చాటున వేరేది దూరుతోంది. 2022లో అమెజాన్ ఉద్యోగుల కోసం తలపెట్టిన మెసేజింగ్ యాప్ పత్రాలు పత్రికలకు చిక్కాయి. యూనియన్, జీతాల పెంపు, చివరికి టాయిలెట్లు అన్న మాటలు కూడా అడ్డుకోవాల్సిన జాబితాలో ఉన్నాయని వార్త వచ్చింది. యాప్ ఇంకా మొదలు కాలేదని, వాటిలో చాలా మాటల్ని వడగట్టే ఆలోచన లేదని కంపెనీ సర్దిచెప్పుకుంది. టాయిలెట్ గురించి గోదాములో పనిచేసే మనిషి మాట్లాడితే ఎవరి భద్రతకు ముప్పు?

మన గచ్చిబౌలి ఆఫీసులోనే చూడండి. రాత్రి షిఫ్టు చేసే అమ్మాయి క్యాబ్ డ్రాప్ పాయింట్‌ను మెయిన్ రోడ్డుకు ఎందుకు మార్చారని అడిగిందనుకుందాం. గంటలో నలభై కామెంట్లు పడతాయి. మోడరేటర్ పోస్టు తీసేస్తాడు. అప్పటికే స్క్రీన్‌షాట్ మూడు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. అక్కడ ట్రాన్స్‌పోర్టు మేనేజర్ జవాబు చెప్పే వీలుండదు, పుకారును ఖండించేవాడూ ఉండడు. ఆ అమ్మాయి మళ్లీ నోరెత్తదు. మిగతావాళ్లు పాఠం నేర్చుకుంటారు.

హెచ్‌సీఎల్ టెక్నాలజీస్‌కు సారథ్యం వహించినప్పుడు వినీత్ నాయర్ ఇంకో దారి పట్టారు. ‘యూ అండ్ ఐ’ అన్న లోపలి పోర్టల్‌లో ఉద్యోగి ప్రశ్న, దానికి జవాబు అందరికీ కనబడేలా పెట్టించారు. ఇంటి గుట్టు రచ్చకీడ్చుకుంటున్నామని హెచ్చరించినవాళ్లున్నారు. ఆయన వెనక్కి తగ్గలేదు సరికదా, తర్వాత తన సమస్యల్నే అక్కడ పెట్టి ఉద్యోగుల సలహా అడిగారు.

కాబట్టి మోడరేటర్‌కు ఇవ్వాల్సిన మొదటి అధికారం డిలీట్ బటన్ కాదు, జవాబు రాబట్టే అధికారం. క్యాబ్ ప్రశ్న వస్తే ట్రాన్స్‌పోర్టు మేనేజర్‌ను ఆ థ్రెడ్‌లోకే పిలిచి, ఫలానా తేదీలోగా చెప్పమని అందరి ముందూ అడగగలగాలి. నోరు జారినవాడికి ముందు విడిగా చెప్పి, మాట సరిదిద్దుకునే అవకాశమివ్వాలి. తీసెయ్యక తప్పని పోస్టు ఉన్నచోట, ఏ నియమం కింద తీశారో ఒక వాక్యం కనబడాలి. విమర్శ ఏ విభాగం మీద పడిందో ఆ విభాగం మనిషికి ఆ నిర్ణయం అప్పగించకూడదు. నెలలో ఎన్ని పోస్టులు తీశారో, ఎందుకు తీశారో, వాటిలో ఎన్నిటిపై అభ్యంతరం వచ్చిందో అదే నెట్‌వర్క్‌లో ప్రకటించాలి. జీతం, షిఫ్టు, క్యాబు, క్యాంటీన్ మీద పెట్టిన పోస్టులు ఆ లెక్కలో ఎక్కువగా కనబడితే, సంజాయిషీ అడగాల్సింది యాజమాన్యాన్ని.