తెరమీద ప్రయోగశాల

2006లో హార్వర్డ్ లా స్కూల్ ఆచార్యుడు చార్లెస్ నెస్సన్ తన కుమార్తె రెబెకాతో కలిసి 'సెకండ్ లైఫ్' అనే వర్చువల్ లోకంలోనూ తరగతి నడిపారు. క్యాంపస్‌కు రాలేనివారు కూడా బొమ్మ రూపాల్లో వచ్చి చర్చల్లో పాల్గొన్నారు.

మన కాలేజీలకు అలాంటి తరగతికన్నా ముందు కావాల్సింది తెరమీద ప్రయోగశాల.

కేంద్ర విద్యాశాఖ వారి వర్చువల్ ల్యాబ్స్ ఆ దారి చూపాయి. ఢిల్లీ ఐఐటీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు ప్రయోగాలను తెరమీదికి తెచ్చాయి. ఖరీదైన పరికరాలు లేనిచోట కూడా విద్యార్థి విలువలు మార్చి చూడవచ్చు, తప్పుచేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

అయితే తీగలు కలిపే చేతి నేర్పు తెరమీద రాదు. అందుకే విశ్వవిద్యాలయాలు వర్చువల్ ల్యాబ్‌ను అసలు ల్యాబ్‌కు ముందు సాధనగా టైంటేబుల్లో చేర్చాలి. అధ్యాపకులకు శిక్షణ, హాస్టళ్లకు నిలకడైన ఇంటర్నెట్ ఇవ్వాలి. వర్చువల్ ల్యాబ్‌ను చూపించి అసలు ల్యాబ్‌ల నిధులకు కోతపెట్టకూడదు.