పదిహేడు దాటిన వడ్లు

మా నాయన కల్లంలో వడ్లగింజను పంటికింద వేసి కొరికేవాడు. కటుక్కుమంటే మూటలెత్తమనేవాడు. మెత్తగా నలిగితే "ఇంకో పూట ఎండ తగలాల" అనేవాడు. ఎండినదానికీ ఎండనిదానికీ నడుమ ఆయనకు ఎన్నో మెట్లుండేవి. లోట్ఫీ జాదే 1965లో ఫజ్జీ సెట్ల గణితాన్ని ఆ మెట్ల మీదే కట్టాడు. ఒక వస్తువు గుంపులో ఉందా లేదా అని కాక, సున్నా నుంచి ఒకటి దాకా ఎంతమేరకు ఉందో చెప్తుందది. నంద్యాలలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. ఈ పాఠం వచ్చినప్పుడల్లా నాయనే గుర్తొచ్చేవాడు.

పోయిన పంటలో ఆళ్లగడ్డ దగ్గర, కేసీ కాలువ కింద పండిన మా వడ్లను కొనుగోలు కేంద్రానికి తోలుకెళ్లాం. తేమ యంత్రం 17.4 చూపింది. కేంద్ర ప్రభుత్వం పెట్టిన పరిమితి 17 శాతం. ట్రాక్టర్ వెనక్కి తిప్పమన్నారు. అదే లోడులో పైపిడికెడు 16.8, అడుగుపిడికెడు 17.9. పక్క ట్రాక్టర్ వడ్లు 16.9 వచ్చాయి, తాలు, రంగు మారిన గింజ మావాటికంటే ఎక్కువున్నా కాటాకెక్కాయి.

తేమ మిగిలితే నిల్వలో బూజు పడుతుంది. పరిమితే వద్దని నేననను. కానీ ఈ రెండు లోడ్లు ఎంత దగ్గరివో ఎవరూ కొలవలేదు.

కొలిచి చూద్దాం. పక్క ట్రాక్టర్ వడ్లకు ఆరుదల 0.9, శుభ్రత 0.7, రంగు 0.7 అనుకుందాం. మావి 0.8, 0.9, 0.8. ఒక్కో గుణంలో చిన్న అంకెలు కూడితే 2.2, పెద్దవి కూడితే 2.6. భాగిస్తే పోలిక 0.85. ఇక్కడే జాగ్రత్త కావాలి. తగ్గిన 0.15లో నాలుగింట మూడొంతులు మా వడ్లు మెరుగ్గా ఉన్నందుకే పోయింది! పోలిక వేరు, నాణ్యత వేరు. అందుకే పెద్ద అంకెల బదులు, తీసుకున్న వడ్ల సొంత మొత్తం 2.3తో భాగించాలి. అప్పుడు 0.96 వస్తుంది. సూత్రం మారితే రైతు రాత మారుతుంది.

గింజల ఫొటో తీసి నాణ్యత తేల్చే యంత్రాలు వస్తున్నాయి. వాటి లోపల ఏ సూత్రముందో రైతుకు తెలుగులో చెప్పాలి. లోడులో కనీసం ఐదుచోట్ల పిడికెడు తీయాలి. 17 దాటి 18 లోపున్న వడ్లను వెనక్కి పంపకుండా, ఆరబెట్టే ఖర్చు మేరకే తరుగు తీసి కొనాలి. 1906 నుంచి వ్యవసాయ పరిశోధన సాగుతున్న నంద్యాలలోనే, వచ్చే కోతలకు ముందే ఇది మొదలుపెట్టాలి.