పేరు చెరిపిన దేశం, కోటా రాసిన దేశం: రువాండా, బురుండిల మధ్య త్వాలు ఎక్కడ?

రెండేళ్ల కిందట ఒక సెమినార్‌లో కులగణన మీద పేపర్ చదివి కూర్చున్నాను. ప్రశ్నల సమయంలో ఒక సీనియర్ ప్రొఫెసర్ లేచారు. “రువాండాను చూడండి. తెగ పేరు ఎత్తకూడదన్నారు, దేశం బాగుపడింది. పక్కనున్న బురుండి తెగలవారీగా కోటాలు రాసుకుంది, ప్రపంచంలోకెల్లా బీద దేశాల్లో ఒకటిగా మిగిలింది. మీరేమో ఇంకా కులాలు లెక్కపెట్టమంటున్నారు” అన్నారు. హాల్లో చప్పట్లు మోగాయి. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. తర్వాత ఆ జవాబు కోసం చదివిన చదువే ఈ వ్యాసం.

ముందే ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన చెప్పిన రెండు దేశాల తేడా నిజం. ఆ తేడాకు ఆయన చూపిన కారణమే తప్పు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ రెండు దేశాల్లోనూ అందరికన్నా కింద ఉన్న మనుషులు ఆయన పోలికలో ఎక్కడా కనిపించలేదు.

ఒకే చరిత్ర, రెండు దారులు

రువాండా విస్తీర్ణం 26 వేల చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, బురుండిది సుమారు 28 వేలు. ఏదీ తెలంగాణలో నాలుగో వంతుకు మించదు. రెండింటిలోనూ కోటీ ముప్పై లక్షలకు అటూ ఇటూగా జనం. ఒకరి భాష ఇంకొకరికి అర్థమవుతుంది. రెండింటినీ మొదట జర్మనీ, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి బెల్జియం ఏలాయి. 1962 జూలై 1న, ఒకే రోజున, రెండూ స్వతంత్ర దేశాలయ్యాయి.

సమాజం కూడా ఒకటే. సేద్యం చేసే హుటులు దాదాపు 85 శాతం, పశుసంపద, రాచరికం చుట్టూ ఎదిగిన టుట్సీలు 14 శాతం, అడవిని, మట్టిని నమ్ముకున్న త్వాలు ఒక శాతం అని చెబుతారు. ఈ అంకెలు వలస పాలన నాటివి. ఇప్పటికీ అందరూ వాటినే వాడుతున్నారు. వీటిని తెగలు అనడం కూడా పూర్తిగా సరికాదు. ముగ్గురిదీ ఒకే భాష, ఒకే కొండలు. పశువులు సంపాదించిన హుటు కుటుంబం కాలక్రమంలో టుట్సీగా చెల్లుబాటయిన సందర్భాలు ఉండేవి. 1930ల తొలి ఏళ్లలో బెల్జియం పాలకులు రువాండాలో ప్రతి మనిషికీ గుర్తింపు కార్డు ఇచ్చి దాని మీద జాతి పేరు అచ్చేశారు. అప్పటిదాకా కాస్త కదిలిన గీత గోడగా మారింది. బడులు, అధికార పదవులు టుట్సీ పెద్దలకు దక్కాయి. 1950ల చివర్లో టుట్సీలు స్వాతంత్ర్యం అడగడం మొదలుపెట్టాక అదే బెల్జియం హుటు నాయకుల వైపు తిరిగింది.

స్వాతంత్ర్యం వచ్చాక రువాండాలో అధికారం హుటు నాయకత్వానికి, బురుండిలో టుట్సీ సైన్యానికి వెళ్లింది. 1972లో బురుండి సైన్యం చదువుకున్న హుటులను వెతికి వెతికి చంపింది. మృతులు లక్ష పైనే అని అంచనా. 1993 అక్టోబరులో అక్కడ ఎన్నికైన తొలి హుటు అధ్యక్షుడు మెల్కియోర్ ఎన్డడాయెను సైనికులు హత్య చేయడంతో అంతర్యుద్ధం మొదలైంది. 1994 ఏప్రిల్ 6న కిగాలీలో ఒకే విమానంలో వస్తున్న రెండు దేశాల అధ్యక్షులూ ఆ విమానాన్ని కూల్చేయడంతో చనిపోయారు. ఆ మర్నాటి నుంచి వంద రోజుల్లో రువాండాలో ఎనిమిది నుంచి పది లక్షల మందిని చంపేశారు. వారిలో అత్యధికులు టుట్సీలు. రోడ్ల మీద అడ్డుగా నిలబడ్డ హంతకులు అడిగింది గుర్తింపు కార్డే.

రెండు వైద్యాలు

ఆ నెత్తుటి తర్వాత రెండు దేశాలూ రెండు రకాల వైద్యం ఎంచుకున్నాయి. పాల్ కగామే నాయకత్వంలోని రువాండా కార్డు మీద జాతి పేరు తీసేసింది. జనాభా లెక్కల్లో ఆ ప్రశ్నే లేదు. ‘విభజనవాదం’ నేరమని 2001లో, ‘మారణహోమ భావజాలం’ నేరమని 2008లో చట్టాలు వచ్చాయి. అందరూ రువాండా వాళ్లే, ఇంకో పేరు లేదన్నది రాజ్యం మాట.

బురుండి ఇందుకు నేరుగా ఎదురు దారి పట్టింది. మొదట జూలియస్ నైరేరే, ఆయన మరణం తర్వాత నెల్సన్ మండేలా మధ్యవర్తిత్వం చేయగా 2000 ఆగస్టులో అరూషా ఒప్పందం కుదిరింది. 2005 రాజ్యాంగం దాన్ని చట్టం చేసింది. జాతీయ సభలో హుటులు 60 శాతం, టుట్సీలు 40 శాతం, కనీసం 30 శాతం మహిళలు, వారితోపాటు ముగ్గురు త్వాలు. సెనేట్‌లో హుటులు, టుట్సీలు సమానం, ముగ్గురు త్వాలు. సైన్యంలో ఏ ఒక్క వర్గమూ సగానికి మించకూడదు. 2018 రాజ్యాంగం ఈ కోటాలను ఉంచుతూనే, వాటి కొనసాగింపును అయిదేళ్లలో సమీక్షించాలని సెనేట్‌కు అప్పగించింది.

అంకెల్లో రెండు దేశాలు

ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం 2023లో రువాండా తలసరి ఆదాయం వెయ్యి డాలర్ల దగ్గర ఉంటే బురుండిది 200 డాలర్ల చుట్టూ ఉంది. 2000 నాటి సర్వేలో రువాండాలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 196 మంది పిల్లలు అయిదేళ్లు నిండకుండానే చనిపోయేవారు. 2020 సర్వేకి అది 45కు తగ్గింది. ఊరూరా ఆరోగ్య కార్యకర్తలు, అత్యధికులను చేర్చుకున్న సామూహిక ఆరోగ్య బీమా దీని వెనక ఉన్నాయి. బురుండి 2016-17 సర్వేలో ఆ సంఖ్య 78. రువాండాలో 2022 నాటికి సుమారు 60 శాతం ఇళ్లలో కరెంటు వెలుగు ఉంది. బురుండిలో పదిమందిలో ఒకరికి మించి అందలేదు. పెట్రోలు కోసం రోజుల తరబడి వరసల్లో నిలబడడం అక్కడ కొన్నేళ్లుగా మామూలైంది.

పసిప్రాణాలు నిలిచిన ఆ లెక్కను ఎవరూ తక్కువ చేయలేరు. కానీ అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. రువాండా చిన్న పిల్లల్లో 33 శాతం మంది పోషకాహారం లేక వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. బురుండిలో అయితే అది 56 శాతం. బురుండి కన్నా రువాండా ఎంతో మెరుగు. అయినా కిగాలీ అద్దాల మేడల వెనకున్న కొండల మీద ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి ఎదుగుదల ఆగిపోయింది.

కారణం కోటాలేనా?

బురుండి బీదరికానికి కోటాలే కారణమైతే, కోటాలు లేని కాలంలో అది బాగుండాలి. లేదు. 1962 నుంచి 2005 వరకూ అధికారం చాలాకాలం ఒక వర్గం సైన్యం చేతిలోనే ఉంది. ఆ కాలమే అంతర్యుద్ధంలో ముగిసింది, దాదాపు మూడు లక్షల ప్రాణాలు పోయాయి. అరూషా తర్వాతే ప్రాథమిక విద్య ఉచితమైంది. 2006లో కాన్పులకు, అయిదేళ్లలోపు పిల్లలకు ఉచిత వైద్యం వచ్చింది.

మళ్లీ కూలింది 2015లో. అధ్యక్షుడు పియర్ ఎన్కురుంజిజా మూడోసారి పోటీకి దిగారు. అందుకు నిరసనగా వీధుల్లోకి వచ్చినవాళ్లలో హుటులూ ఉన్నారు, టుట్సీలూ ఉన్నారు. లక్షల మంది దేశం వదిలారు. 2016లో ఐరోపా యూనియన్ ప్రభుత్వానికి నేరు సాయం ఆపేసింది, 2022 దాకా పునరుద్ధరించలేదు. విదేశీ మారకం ఎండిపోయింది. ఇది ఒకే పార్టీ దేశాన్ని గుప్పిట్లో పెట్టుకోవడం వల్ల వచ్చిన సంక్షోభం. 1972లో, 1993లో లాగా అది హుటు, టుట్సీల యుద్ధంగా మారలేదు. సైన్యంలో రెండు వర్గాలూ కలిసి ఉండటం అందుకు ఒక కారణమని ఆ దేశాన్ని పరిశీలించినవారు చాలామంది అంటారు. అంటే ప్రొఫెసర్ గారు తప్పుపట్టిన కోటాయే అక్కడ పనిచేసిన కొద్ది వాటిలో ఒకటి.

రువాండా ఎదుగుదలకు కూడా పేర్లు చెరపడం కారణం కాదు. సైనిక విజయంతో వచ్చిన గట్టి రాజ్యం, మారణహోమాన్ని ఆపలేకపోయిన పశ్చిమ దేశాలు ధారాళంగా ఇచ్చిన సాయం, ఆ డబ్బును ఆరోగ్యం మీద నిజంగా ఖర్చుపెట్టిన పాలన ముఖ్యమైనవి. వీటికి తోడు తూర్పు కాంగో ఖనిజాలు ఉన్నాయి. అక్కడి ఎం23 తిరుగుబాటుదారులకు రువాండా సైన్యం అండగా ఉందని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం పదేపదే నివేదించింది. రువాండా దాన్ని కాదంటుంది.

పేర్లు చెరపడానికి అక్కడ ఇంకో మూల్యం కూడా ఉంది. ప్రతిపక్ష నాయకురాలు విక్టోయిర్ ఇంగబిరే 2010లో కిగాలీ స్మారకం దగ్గర, చనిపోయిన హుటులను కూడా తలుచుకోవాలన్నారు. తర్వాత నడిచిన కేసులో ఆమెకు 15 ఏళ్ల శిక్ష పడింది. 2018లో క్షమాభిక్షతో బయటికి వచ్చారు. పదవులు ఎవరికి, భూములు ఎవరికి, స్కాలర్‌షిప్‌లు ఎవరికి అని వర్గం పేరుతో అడగడమే ప్రమాదమైన చోట, ఆధిపత్యం లేకుండా పోదు. దాని గురించిన మాట మాత్రమే లేకుండా పోతుంది.

అట్టడుగు నుంచి చూస్తే

ఇప్పుడు త్వాల దగ్గరికి వద్దాం. వాళ్ల గురించి చదువుతుంటే నాకు మా పేట గుర్తొచ్చింది. ఇతరులు వాళ్లతో కలిసి తినేవారు కాదు, వాళ్ల పాత్రలో తాగేవారు కాదు, పిల్లనిచ్చి పుచ్చుకునేవారు కాదు. నీళ్ల దగ్గరా దూరం పెట్టేవారు. గొర్రె మాంసం తింటారని ఈసడించేవారు. అంటరానితనం అనే మాట ఆ భాషలో ఉందో లేదో గాని, ఆ పని మనకు కొత్తది కాదు.

అడవులను జాతీయ పార్కులుగా మార్చినప్పుడు రువాండాలో న్యుంగ్వే, అగ్నిపర్వతాల పార్కుల నుంచి, బురుండిలో కిబిరా నుంచి వాళ్లు బయటపడ్డారు. చేతికి భూమి రాలేదు. కుండలు చేసి బతికారు. ప్లాస్టిక్ వచ్చి ఆ బేరం కొట్టేసింది. మట్టి దొరికే చిత్తడి నేలలు వరి సాగుకు పోయాయి. 1994లో రువాండా త్వాలలో మూడో వంతు దాకా చనిపోయారని అంచనాలున్నాయి. ఆ మారణహోమం కథలో వాళ్ల పేరు వినిపించేది చాలా తక్కువ.

రువాండాలో త్వాల సంఘం తన పేరులో ‘ఆదిమవాసులు’ అని రాసుకుంది. అది రాజ్యాంగానికి విరుద్ధమని ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. చివరికి ఆ సంఘం ‘రువాండా కుమ్మరుల సమాజం’ అని పేరు మార్చుకుంది. ఆలోచించండి. అస్తిత్వం చెరిపేశాక మిగిలింది చేతి వృత్తి. అధికారులు త్వాలను ‘చరిత్ర వెనక వదిలేసినవాళ్లు’ అంటారు. వదిలేసింది మనుషులు కాదు, చరిత్రట! 2010-11లో గడ్డి కప్పుల నిర్మూలన పేరుతో గుడిసెలు కూల్చినప్పుడు కొత్త ఇల్లు రాకుండానే వానలో మిగిలిన త్వా కుటుంబాలున్నాయని హక్కుల సంఘాలు చెప్పాయి.

బురుండిలో త్వాలకు పేరుంది, సభలో కుర్చీ ఉంది. 2020లో ఇమెల్డె సబుషిమికే ఆ దేశపు తొలి త్వా మంత్రి అయ్యారు. ఒక త్వా అమ్మాయికి ఆ దృశ్యం ఎంత విలువైనదో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఆ సభ్యులను త్వాలు ఓటేసి ఎన్నుకోరు, కో-ఆప్షన్ ద్వారా సభలోకి తీసుకుంటారు. తమవాళ్లకు జవాబుదారీ కాని ప్రతినిధి ఎవరి మాట వింటాడన్నది 1932 పూనా ఒప్పందం నాటి నుంచి మనల్ని వెంటాడుతున్న ప్రశ్నే. పైగా కుర్చీ వచ్చింది గాని భూమి రాలేదు. భూస్వామి నేల మీద గుడిసె వేసుకుని వెట్టి చేసే ‘ఉబుగెరెర్వా’ పద్ధతిని 1970ల్లో రద్దు చేశారు. త్వాల విషయంలో అది ఆ తర్వాతా చాలాకాలం సాగింది.

ఒక దేశంలో బీమా ఉంది, పేరు లేదు. ఇంకో దేశంలో పేరుంది, పంపిణీ చేయడానికి ఖజానాలో ఏమీ లేదు. రెండు చోట్లా భూమి లేదు.

లెక్కపెట్టేది ఎవరు, ఎవరి కోసం?

రువాండా భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కార్డు చూసి మనుషులను చంపిన దేశం ఆ కార్డును చించేయడం అర్థమవుతుంది. కానీ బెల్జియం లెక్కపెట్టింది ఎవరి మీద ఎవరిని కూర్చోబెట్టాలో తేల్చుకోవడానికి. కింద ఉన్నవాళ్లు లెక్క అడిగేది తమ వాటా ఎంతో, ఎక్కడ ఆగిపోయిందో తెలుసుకోవడానికి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేవారి వాదనే తెలంగాణ 2024 కుల సర్వే సమయంలోనూ, 2025 ఏప్రిల్‌లో కేంద్రం జనగణనలో కులాన్ని చేరుస్తామన్నప్పుడూ మళ్లీ వినిపించింది.

బురుండి నుంచి మనం నేర్చుకోవలసిందీ ఉంది. లెక్క, కోటా చాలవు. అవి భూమిగా, బడిగా, పిల్లల పళ్లెంలో అన్నంగా మారే దాకా అడుగుతూనే ఉండాలి. అడగడానికి మాత్రం ముందు పేరు ఉండాలి.

ఆ ప్రొఫెసర్ గారు మళ్లీ ఎదురైతే ఒక్క ప్రశ్న వేస్తాను: “సార్, రువాండాలో బతికి బయటపడ్డ ఆ పసిపిల్లల్లో త్వా పిల్లలెందరు?” ఆయన చెప్పలేరు. అది ఆయన తప్పు కాదు. ఆ సర్వే ఫారంలో ఆ గడి లేదు.