బళ్ళారి దాకా సరిపడా డీజిల్

ఆదోనిలో పత్తి బేళ్ళు ఎత్తుకుని బళ్ళారి వైపు కదిలే లారీ డ్రైవరు ముందుగా చూసుకునేది బాడుగ ఎంతని కాదు, ట్యాంకులో డీజిల్ ఎంతుందని. సరిహద్దు దాటే దాకా ఉంటే చాలు. ఆలూరు దాటి కర్ణాటకలోకి పోతే బంకువాళ్ళే పెద్ద బోర్డులు కట్టి పిలుస్తారు, ఆంధ్ర కంటే లీటరుకు ఇంత తక్కువ అని. 2025లో డీజిల్ మీద ఆ తేడా 6 రూపాయలకు కాస్త అటూ ఇటూ. 300 లీటర్లు పట్టిస్తే 1,800 రూపాయలు మిగులు. కంపెనీ అదే, సరుకు అదే. కడప లారీలు రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరు పోయేటప్పుడు చేసేదీ ఇదే. ఎటొచ్చీ కడపలో స్కూటరు నడుపుకునేవాడికి, పొలం దున్నించుకునేవాడికి ఈ వెసులుబాటు లేదు. సరిహద్దు వాళ్ళకు అందేంత దగ్గరలో లేదు.

ఈ తేడా అర్థం కావాలంటే ముందు ధర ఎలా కడతారో చూడాలి. మనం దిగుమతి చేసుకునేది ప్రధానంగా పెట్రోలు కాదు, ముడిచమురు. అవసరంలో 85 శాతానికి పైగా బయటి నుంచే. దాన్ని ఇక్కడే శుద్ధి చేసి, మిగిలింది ఎగుమతి కూడా చేస్తున్నాం. అయినా ధర కట్టేటప్పుడు మాత్రం లెక్క వేరు. రంగరాజన్ కమిటీ సిఫారసు మీద 2006 నుంచి 80 శాతం దిగుమతి ధర, 20 శాతం ఎగుమతి ధర కలిపి కొలబద్ద తయారు చేశారు. అంటే విశాఖలోనో, చెన్నై మణలిలోనో శుద్ధి అయిన పెట్రోలుకు గల్ఫ్ నుంచి ఓడ బాడుగ, బీమా, కస్టమ్స్ సుంకం ఊహించి కలుపుతారు. ప్రొద్దుటూరు మిల్లులో ఆడించిన శనక్కాయ నూనెకు సముద్రం బాడుగ కట్టించుకున్నట్టు!

దాని మీద కేంద్రం ఎక్సైజ్ సుంకం. ఆపైన డీలరు కమీషన్, పెట్రోలు మీద సుమారు 4 రూపాయల 40 పైసలు, డీజిల్ మీద 3 రూపాయల దాకా. ఇదంతా కలిపిన మొత్తం మీద రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. కేంద్రం వేసిన పన్ను మీద రాష్ట్రం పన్ను అన్నమాట. డిపో నుంచి బంకు దాకా ట్యాంకరు ఖర్చు కూడా ధరలోనే ఉంటుంది కాబట్టి కర్నూలు ధరకూ కడప ధరకూ పైసల్లో తేడా కనిపిస్తుంది.

లెక్క తేలిక కావడానికి వ్యాట్‌కు ముందు పెట్రోలు ధర 80 రూపాయలు అనుకుందాం, 2025 నాటి వాస్తవానికి ఇది దగ్గరే. ఆంధ్రప్రదేశ్ 31 శాతం వేస్తే 24.80. ఆపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, రూపాయి రోడ్డు సెస్సు. మొత్తం 109.80. కర్ణాటక పన్ను 29.84 శాతం, అంతే, పైన చిల్లర వడ్డింపులు లేవు. 103.87 దగ్గర ఆగుతుంది. ఇక కర్నూలు నుంచి తుంగభద్ర వంతెన దాటి అలంపూర్ చౌరస్తాకు పోతే తెలంగాణ. అక్కడ పన్ను 35.20 శాతం, చూడటానికి మనకంటే ఎక్కువ. కానీ ధర 108.16కే తేలుతుంది. వ్యాట్ ఎంత శాతమో చూసి ఏ రాష్ట్రం ఎక్కువ పిండుతోందో చెప్పబోయేవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే.

రాష్ట్రాన్ని తిట్టి ఊరుకుంటే సగం కథే. 2025 ఏప్రిల్లో కేంద్రం ఎక్సైజ్ 2 రూపాయలు పెంచాక పెట్రోలు మీద అది 21.90 అయింది. ఇందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన ప్రాథమిక సుంకం 1.40 మాత్రమే. మిగిలిన 20.50 ప్రత్యేక అదనపు సుంకం, రోడ్ల సెస్సు, వ్యవసాయ సెస్సు పేర్లతో కేంద్రం దగ్గరే ఉంటుంది. ఆ 1.40లో రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 శాతం, అంటే 57 పైసలు. పదిహేనో ఆర్థిక సంఘం ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన వాటా 4.047 శాతం. కర్నూలులో పోయించుకున్న లీటరు పెట్రోలు మీద ఢిల్లీకి పోయిన 21.90లో పంపకం కింద రాష్ట్రానికి తిరిగొచ్చేది 2 పైసల చిల్లర! కర్నూలు–కడప నాలుగు వరసల రోడ్డు మీద పోయేవాడు ఆ రోడ్ల సెస్సూ కడతాడు, టోలూ కడతాడు.

2014 మేలో మనం కొనే ముడిచమురు బ్యారెలు సుమారు 107 డాలర్లు, డాలరు 59 రూపాయలు. బ్యారెలంటే 159 లీటర్లు కాబట్టి లీటరు ముడిచమురు దాదాపు 40 రూపాయలు పడింది. ఢిల్లీలో పెట్రోలు అప్పుడు 71.41. 2025 మేలో బ్యారెలు 65 డాలర్ల లోపు, రూపాయి 85కు పడింది. లీటరు ముడిచమురు 35 రూపాయలు కూడా దాటలేదు. ఢిల్లీలో పెట్రోలు 94.77. రూపాయి చిక్కిపోయిన మాట నిజమే, కానీ దాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా ముడిచమురు చవకైంది. 2014లో ఎక్సైజ్ 9.48 ఉండేది. తేడాలో పెద్ద ముక్క అక్కడుంది. 2020 ఏప్రిల్లో కరోనా దెబ్బకు మన ముడిచమురు సగటు 20 డాలర్ల కిందికి జారితే, మేలో కేంద్రం పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు ఒక్కసారిగా ఎక్సైజ్ పెంచింది. బంకులో ధర పెరగలేదు గనుక పెద్ద గొడవ కాలేదు. తగ్గాల్సింది తగ్గకపోవడం జనానికి కనిపించదు.

ధరను మార్కెట్‌కు వదిలేశాం అన్నది పాలకుల మాట. పెట్రోలును 2010 జూన్‌లో, డీజిల్‌ను 2014 అక్టోబర్లో వదిలారు. రోజువారీ ధరను 2017 మే 1న అయిదు ఊళ్ళలో పరీక్షించారు, అందులో మన విశాఖపట్నం ఒకటి. జూన్ 16 నుంచి దేశమంతా అదే. కానీ 2021 నవంబర్ 4 నుంచి 2022 మార్చి 21 దాకా, ఉత్తరప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల ఎన్నికలు ముగిసే వరకు, ప్రపంచంలో చమురు భగ్గుమంటున్నా ఇక్కడ బోర్డు కదల్లేదు. మార్చి 22న మొదలుపెట్టి 16 రోజుల్లో 14 సార్లు, 10 రూపాయలు పెంచారు. కంపెనీలు తమవంతుగా తగ్గించింది 2024 మార్చి 15న, 2 రూపాయలు. ఆ మర్నాడే లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు. మధ్యలో 2022లో కంపెనీలు నష్టానికి అమ్మిన మాట కాదనలేం. అయితే 2023–24లో మూడు ప్రభుత్వ కంపెనీల లాభం కలిపి 80 వేల కోట్లు దాటింది. రోజూ మారే ధర క్యాలెండరు చూసి ఆగుతోందంటే దాన్ని మార్కెట్ ధర అనడం కష్టం.

2022లో ఇంకో వింత జరిగింది. టోకుగా కొనేవాళ్ళకు ధర ఆపలేదు కాబట్టి, ఆ మార్చిలో టోకు డీజిల్ చిల్లర ధర కంటే సుమారు 25 రూపాయలు ఎక్కువైంది. లక్షల లీటర్లు కొనే ఏపీఎస్ఆర్టీసీ అప్పటికే సొంత డిపోల్లో పట్టించుకోవడం మాని బస్సులను బయటి బంకులకు తోలింది. అయినా సరిపోక ఏప్రిల్ 14 నుంచి టికెట్ మీద డీజిల్ సెస్సు వేసింది, పల్లెవెలుగుకు 2, ఎక్స్‌ప్రెస్‌కు 5, ఆపై బస్సులకు 10. పత్తికొండలో సంత చేసుకుని సంచి పట్టుకుని బస్సెక్కిన ఆడమనిషి ముడిచమురు ధర ఏనాడూ చదివి ఉండదు. టికెట్ మీద మాత్రం కట్టింది.

పాత కర్నూలు, కడప జిల్లాల్లో దేన్ని ముట్టుకున్నా డీజిల్ ఉంటుంది. బేతంచెర్ల నాపరాయి, కడప బండలు, మంగంపేట ముగ్గురాయి, పత్తికొండ టమాటా, కర్నూలు ఉల్లి, అన్నీ బరువున్న సరుకులు, అన్నీ దూరం పోవాల్సినవే. బోరు మోటారుకు కరెంటు ఉచితం కాబట్టి నీళ్ళ ఖర్చు కనిపించదు. వర్షాధారపు నేలలో మాత్రం నాలుగు చినుకులు పడ్డ రెండు రోజుల్లోనే దున్నాలి, విత్తాలి. ఆ అదునులో ట్రాక్టరుకు ఎంత బాడుగ అడిగితే అంత ఇవ్వాల్సిందే. మళ్ళీ వానలు మొహం చాటేస్తే పెట్టిన డీజిల్ మట్టిలో కలిసినట్టే.

కోస్తాలో వేటకు పోయే మత్స్యకారుల బోట్లకు రాష్ట్రం డీజిల్ సబ్సిడీ ఇస్తోంది. 2019లో దాన్ని లీటరుకు 6.03 నుంచి 9 రూపాయలకు పెంచారు. మంచిదే, సముద్రం మీద బతుకు తేలిక కాదు. మెట్ట రైతు ట్రాక్టరుకు అలాంటి ఊసే లేదు. ఎవరైనా అడిగిన దాఖలా కూడా పెద్దగా కనపడదు, సీమ నాయకులకు మాట్లాడటానికి వేరే విషయాలు చాలా ఉన్నట్టున్నాయి.

ఆ 4 రూపాయల అదనపు వ్యాట్ 2015 ఫిబ్రవరిలో, విభజన తర్వాతి లోటు రోజుల్లో, తెలుగుదేశం ప్రభుత్వం వేసింది. 2018 సెప్టెంబర్లో, ఎన్నికలకు ఏడాది లోపే, అదే ప్రభుత్వం 2 తగ్గించింది. 2020లో వైసీపీ ప్రభుత్వం మళ్ళీ 4 చేసి, రోడ్డు సెస్సు రూపాయి కలిపింది. 2021 నవంబర్లో కేంద్రం ఎక్సైజ్ తగ్గించినప్పుడు కర్ణాటక తనవంతు 7 రూపాయలు తగ్గించింది, ఆంధ్రప్రదేశ్ కదల్లేదు. తగ్గించాలని తెలుగుదేశం అప్పుడు బంకుల ముందు ధర్నాలు చేసింది. 2024లో అధికారంలోకి వచ్చింది. 2025లో కూడా 31, 4, 1 అట్లాగే ఉన్నాయి.

వ్యాట్‌కు ముందు డీజిల్ 75 రూపాయలు అనుకుంటే, మన 22.25 శాతంతో 91.69, కర్ణాటక 21.17 శాతంతో 90.88. శాతాల వల్ల వచ్చే తేడా 81 పైసలే. మిగతా తేడా అంతా ఆ 4 రూపాయలు, ఈ రూపాయిదే. అవి తీసేస్తే ఖజానాకు గండి అని ఆర్థిక శాఖ అంటుంది. అలా అనే ముందు ఆలూరు, ఆదోని, మాధవరం వైపు బంకుల్లో ఏటేటా ఎంత డీజిల్ అమ్ముడవుతోందో వాణిజ్య పన్నుల శాఖ దగ్గరున్న లెక్క బయట పెట్టాలి. సరిహద్దు అవతల నింపుకున్న లీటరు మీద రాష్ట్రానికి దక్కే పన్ను 5 రూపాయలు కాదు, సున్నా.