"విచారణకి రా" అంటే నోటీసు అడగండి

 

కర్నూలు, కడప జిల్లాల్లో యాడన్నా దొంగతనం జరిగితే జీపు మొదట ఏ కాలనీకి వస్తుందో మీకు చెప్పాల్సిన పని లేదు. "ఊరికే విచారణకి, గంటలో పంపిస్తాం" అంటారు. ఆ గంట రెండు రాత్రులవుతుంది. కాగితం మీద మాత్రం అరెస్టు నిన్న సాయంత్రమే జరిగినట్టుంటుంది. ఎందుకంటే రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టు చేసిన 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఆ లెక్క తప్పించుకోడానికే "విచారణ" అనే మాట. మనోణ్ని తీసుకుపోయిన టైము అప్పుడే రాసిపెట్టుకోండి. ఎస్పీకి, మేజిస్ట్రేటుకి రాతలో పంపండి.

"తప్పు చేయనోడికి భయమెందుకు" అని మన పెద్దమనుషులే అంటారు. తప్పు చేసి ఎక్కామా మనం ఆ జాబితాలోకి? 1871లో తెల్లోళ్లు చేసిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజ్యానికి వచ్చింది. పుట్టుకే నేరమన్నారు. స్టువర్టుపురం అందరికీ తెలుసు, అప్పటి కర్నూలు జిల్లా సిద్ధాపురంలో కూడా అట్లాంటి సెటిల్‌మెంటే పెట్టారని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. 1962లో ఆంధ్రప్రదేశ్ అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. పేరు మారింది, చూపు మారలేదు. తమాషా ఏమంటే, అదే 1962లో ఖరక్ సింగ్ కేసులో, నిఘా పేరుతో రాత్రిపూట ఇళ్లకొచ్చి తలుపు తట్టడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది.

తెల్లారుజామున కాలనీ మొత్తం చుట్టుముట్టి ఇల్లిల్లూ గాలించడం దేని కింద? నాగరిక్ సురక్షా సంహిత 185వ సెక్షన్ చదవండి. ఏ కేసులో, ఏ వస్తువు కోసం, ఏ చోట వెతుకుతున్నారో కారణం ముందే రాయాలి. ఇద్దరు స్థానిక సాక్షులుండాలి. వీడియో తీయాలి (105). తీసుకున్న వస్తువుల జాబితా మన చేతికివ్వాలి. "ఈ కులమోళ్లు కాబట్టి" అనే కారణం ఏ సెక్షన్లోనూ లేదు.

ఇంక కొట్టడం. పోలీసు ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు. మరి ఎందుకు కొడతారు? ఒప్పుకోలు వల్ల సొత్తు దొరికితే అంతవరకూ చెల్లుతుందనే మినహాయింపుంది. ఆ సందు గుండానే తేలని పాత కేసులన్నీ ఒక ఎరుకల పిల్లోడి నెత్తికెక్కుతాయి. తనను నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండే హక్కు 20(3)లో ఉంది. పోలీసు విచారణలో కూడా అది వర్తిస్తుందని 1978లో నందినీ శత్పథీ కేసులో తేలింది. ఆమె ఒరిస్సా మాజీ ముఖ్యమంత్రి. ఆమెకున్న హక్కు తండా పిల్లోడికి లేదా?

మామూలు దొంగతనానికి శిక్ష మూడేళ్ల దాకా, ఇంట్లో దొంగతనానికి ఏడేళ్ల దాకా. ఏడేళ్ల లోపు కేసుల్లో ముందు నోటీసు ఇవ్వాలి, అరెస్టు చేస్తే ఎందుకు అవసరమో రాయాలి అని 2014 అర్నేష్ కుమార్ తీర్పు. రాత్రి ఇల్లు పగలగొట్టిన కేసైతే శిక్ష పెద్దది, అది వేరే.

అప్పు చేసి, స్టేషన్ కాడ పంచాయితీ చేసి, డబ్బు కట్టి పిల్లోణ్ని తెచ్చుకుని గెలిచామనుకునే పెద్దలతోనే నా గొడవ. పేరు వాళ్ల రిజిస్టర్లోనే ఉంటుంది. వచ్చే నెల మళ్లీ జీపొస్తుంది, ఈసారి రేటు పెరుగుతుంది. ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలుంటాడు, 15100కి ఫోన్ చేయండి.

2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో, విముక్త జాతులోళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు పోలీసులకు నేరుగా చెప్పింది. ఆ మాట తెలుగులో ఒక పేజీ రాసి, ప్రతి తండాలో, ప్రతి ఎరుకల కాలనీలో అంటించాలి. లా చదివే పిల్లోళ్లు ఎవరు రాస్తారో పేరివ్వండి. జెరాక్స్ ఖర్చు నాది.